మేడ మీద టమాటా మొక్క వాడిపోతే: నీళ్లా, నీడా?

మే మధ్యాహ్నం కుండీలో టమాటా తల వేలాడేస్తే అందరం ముందు చెంబే అందుకుంటాం. ఆగండి, మట్టిలో రెండు అంగుళాల లోతుకు వేలు పెట్టి చూడండి.

నీళ్లు: ఖర్చు లేదు, పనీ తక్కువే. కానీ మట్టి తడిగా ఉండగా పోస్తే వేర్లకు గాలాడక కుళ్లుతాయి. విజయవాడ ఉక్కపోతలో ఆకులు నీటిని నెమ్మదిగా వదులుతాయి, అక్కడ ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

నీడ: 50 శాతం షేడ్‌నెట్ (సగం ఎండను ఆపే వల), నాలుగు కర్రలు, ఒక ఆదివారం పోతుంది. గాలి ఆడేలా ఎత్తుగా కట్టాలి, లేదంటే తెగుళ్లు.

మట్టి పొడిగా ఉంటే నీళ్లే. తడిగా ఉండి, సాయంత్రానికి ఆకులు లేస్తే ఎండదెబ్బ, నెట్ కట్టండి. తడిగా ఉన్నా తెల్లారేసరికి లేవకపోతే రెండూ కాదు, నీళ్లు ఆపి కుండీ అడుగు రంధ్రం చూడండి. నాది ఒకసారి పూర్తిగా మూసుకుపోయింది!