మొదటి రిమోట్ పడవకి మోటారు: 27 చుట్ల నుంచి 55 చుట్లకి మారి మూడేళ్లయ్యాక

రిమోట్ కార్లలో, పడవల్లో వాడే 540 సైజు మోటారు డబ్బా మీద అంటించిన కాగితంలో బ్రాండు పేరు పెద్దగా ఉంటుంది, పక్కన చిన్నగా ఒక అంకె ఉంటుంది: 27టీ, 35టీ, 55టీ, 80టీ. మొదటిసారి కొనేవాళ్ల కళ్లు ఆ అంకె మీద ఆగవు. ఆర్మేచర్‌లో, అంటే మోటారు లోపల తిరిగే భాగంలో, ఒక్కో పోలుకి (తీగ చుట్టే ఇనుప కొమ్ముకి) రాగితీగ ఎన్ని చుట్లు చుట్టారో చెప్పే అంకె అది. రిమోట్ పడవకి మోటారు ఎంచుకునేటప్పుడు అన్నిటికన్నా ముందు దాన్నే చూడాలని నా గట్టి నమ్మకం. పడవ 60 సెంటీమీటర్ల టగ్ బోటు మోడల్, బ్యాటరీతో కలిపి మూడు కిలోలు. అందులో మొదట 27 చుట్ల మోటారు ఎనిమిది నెలలు నడిచింది. ఆ తర్వాత మూడేళ్లుగా 55 చుట్లది నడుస్తోంది. రెండూ వెయ్యి రూపాయల లోపువే, సైజు ఒకటే, బిగించే స్క్రూలూ అవే. నీళ్లలో మాత్రం రెంటికీ పోలికే లేదు.

మొదటి పడవతో నైట్రో, పెట్రోలు ఇంజన్ల జోలికి వెళ్లొద్దు. మామూలు నైట్రో ఇంజనుకి రివర్స్ ఉండదు, ఇంధనంలో విషమైన మెథనాల్ ఉంటుంది, చెరువు గట్టున ఆ మోతని ఎవరూ భరించరు. బ్రష్‌లెస్ (లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్‌లు లేని మోటారు) సంగతి వేరు. మోటారు మంచిదే, అరుగుదల తక్కువ. అయితే సెన్సార్ లేని బ్రష్‌లెస్‌లో రోటరు (తిరిగే భాగం) తిరగడం మొదలయ్యాకే అది ఎక్కడుందో, మోటారుకి కరెంటుని అదుపు చేసి పంపే స్పీడ్ కంట్రోలర్‌కి తెలుస్తుంది. అందుకే దానికి ఒక కనీస వేగం ఉంటుంది, అంతకన్నా నెమ్మదిగా తిప్పలేం. నీళ్లలో మొదట్లో ప్రొపెల్లరు మీద భారం తక్కువ కాబట్టి కార్లలో వచ్చినంత కుదుపు రాదు, ఆ మాట నిజమే. కానీ గట్టు ఒక అడుగు దూరంలో ఉన్నప్పుడు కావాల్సింది ఆ కనీస వేగం కంటే తక్కువ.

27 చుట్లది రిమోట్ కార్ల కోసం చుట్టిన మోటారు. 7.2 వోల్టులకి, ఏ భారమూ లేకుండా, నిమిషానికి 20 వేల సార్లకి పైగా తిరుగుతుంది. కారులో మధ్యన గేర్లు ఉంటాయి కాబట్టి చెల్లుతుంది. పడవలో కప్లింగు పెట్టి నేరుగా షాఫ్టుకి తగిలిస్తాం, ఆ వేగమంతా ప్రొపెల్లరుకే పోతుంది. ప్రొపెల్లరు తాగే శక్తి దాని వేగం ఘనంతోనూ, వ్యాసం అయిదో ఘాతంతోనూ పెరుగుతుంది. 35 మి.మీ. తీసి 40 మి.మీ. వేస్తే, అదే వేగంలో, దాదాపు రెట్టింపు శక్తి కావాలి. చూడ్డానికి తేడా అయిదు మిల్లీమీటర్లే, మోటారుకి మాత్రం అది ఇంకో ప్రొపెల్లరుని మోయడంతో సమానం. పైగా ఇంత శక్తీ పోసినా టగ్ బోటు పరుగెత్తదు. నీటి మట్టం దగ్గర 60 సెంటీమీటర్ల పొడవున్న గుండ్రటి హల్‌కి (పడవ ఒంటికి) సహజ వేగం గంటకి మూడున్నర కిలోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఆపైన తోసేదంతా ముందు అల లేపడానికీ, వెనక భాగం నీళ్లలోకి కుంగడానికీ ఖర్చవుతుంది.

27 చుట్ల మోటారుని చంపింది నాచు. మన చెరువుల్లో గుర్రపు డెక్క పైకి కనిపిస్తుంది కాబట్టి తప్పించుకోవచ్చు. నీటి కింద పెరిగే తీగ నాచు కనిపించదు. అది ప్రొపెల్లరు బాసుకీ (రెక్కల మధ్యనున్న మొద్దుకీ) స్టెర్న్ ట్యూబ్ (షాఫ్టు బయటికి వచ్చే గొట్టం) కొసకీ మధ్యనున్న రెండు మిల్లీమీటర్ల సందులో చుట్టుకుని, తాడు పేనినట్టు బిగుసుకుపోయింది. పడవ ఆగింది. ఇలాంటప్పుడు అందరూ చేసే పని ఒకటుంది, విడిపోతుందని థ్రాటిల్ పూర్తిగా తోస్తారు. అదే జరిగింది. తిరుగుతున్న మోటారు తనలో తాను పుట్టించుకునే ఎదురు వోల్టేజీ కరెంటుని అదుపులో పెడుతుంది. ఆగిపోయిన మోటారులో అది సున్నా. మిగిలేది తీగకీ బ్రష్‌లకీ కలిపి ఉండే ఒక ఓమ్‌లో పదో వంతు నిరోధం మాత్రమే. 27 చుట్ల తరగతి 540 మోటారు ఇరుక్కుంటే 7.2 వోల్టులకి 70 ఆంపియర్ల దాకా లాగుతుంది.

స్పీడ్ కంట్రోలర్ అగ్గిపెట్టె కన్నా చిన్నది, దాని మీద 320 ఆంపియర్లని అచ్చేసి ఉంది. ఏ కంపెనీదో చెప్పను, ఆ అంకె మాత్రం నమ్మదగ్గది కాదు. దానికున్న వైర్ల లావు చూస్తేనే తెలిసిపోవాల్సింది. లోపలి మాస్‌ఫెట్‌లు (కరెంటుని పంపే, ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్‌లు) మాడినప్పుడు ఎక్కువగా షార్ట్ అయిపోతాయి, తెగిపోవు. అంటే స్టిక్ మధ్యకి తెచ్చినా, రిమోట్ ఆపేసినా మోటారుకి కరెంటు పోతూనే ఉంటుంది. మూత సందుల్లోంచి బూడిదరంగు పొగ వచ్చింది. బ్యాటరీ దగ్గరున్న తెల్ల ప్లాస్టిక్ కనెక్టరు కరిగి, లోపలి పిన్ను జారిపోతేనే అంతా ఆగింది. ఆ కనెక్టరే కరగకపోతే బ్యాటరీ అంటుకునేది.

తర్వాత మోటారు విప్పి చూస్తే కమ్యూటేటరు (బ్రష్‌ల నుంచి కరెంటు అందుకుంటూ తిరిగే భాగం) మీదున్న మూడు రాగి పట్టీల్లో రెండింటి మీద, సరిగ్గా బ్రష్ ఆనే చోట, గోధుమరంగు గుంటలు. బ్రష్‌లని నొక్కి పట్టుకునే రాగి రేకులు వేడికి స్ప్రింగు తనం పోయి మెత్తబడ్డాయి. తీగ మీది వార్నిష్ కమురు వాసన. వేలితో తిప్పి వదిలితే నడుస్తుంది, తనంతట తాను మొదలవ్వదు. ఇందులో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ మోటారు చుట్టూ ఫ్రిజ్ రిపేరు షాపుల్లో దొరికే సన్నటి రాగి గొట్టం చుట్టి నీళ్ల కూలింగ్ పెట్టి ఉంది. ప్రొపెల్లరు వెనకనున్న పికప్‌లోకి (నీళ్లు పట్టే గొట్టం మూతిలోకి) నీళ్లు ఎక్కాలంటే ప్రొపెల్లరు తిరగాలి, అది ఆగిన క్షణమే కూలింగూ ఆగింది. మామూలుగా నడిచేటప్పుడైనా ఆ గొట్టం చల్లబరిచేది డబ్బానీ అయస్కాంతాలనీ. వేడి పుట్టేది లోపల తిరిగే ఆర్మేచర్‌లో, బ్రష్‌ల దగ్గర. డబ్బా చల్లగా ఉందని చేత్తో తాకి నిశ్చింతగా ఉంటే మోసపోతాం.

ఇక 55 చుట్ల సంగతి. అదే జాగాలో చుట్లు రెట్టింపు చేయాలంటే తీగ అడ్డకోత వైశాల్యం సగం అవ్వాలి, పొడవు రెట్టింపవుతుంది. కాబట్టి నిరోధం చుట్ల వర్గంతో పెరుగుతుంది. లెక్క వేస్తే ఇరుక్కున్నప్పటి కరెంటు 70 నుంచి 17 ఆంపియర్ల చుట్టుపక్కలకి పడిపోతుంది. వేగం సగమవుతుంది, కానీ ఒక్కో ఆంపియరుకి వచ్చే తిప్పుడు బలం రెట్టింపవుతుంది. 40 మి.మీ. మూడు రెక్కల ప్రొపెల్లరుతో, రెండు సెల్లుల లిథియం బ్యాటరీతో, పూర్తి థ్రాటిల్‌లో 4 ఆంపియర్లు. పాత మోటారు 35 మి.మీ.తో 10, 11 లాగేది. ఇప్పుడు రాగి గొట్టం, పికప్, హల్‌కి పెట్టిన రెండు రంధ్రాలు అన్నీ అనవసరమయ్యాయి. రంధ్రాలు పూడ్చేశాను.

ఆనందమంతా నెమ్మదిలో ఉంది. స్టిక్‌ని ఒక్క గీత జరిపితే ప్రొపెల్లరు రెక్కలు లెక్కపెట్టగలిగేంత మెల్లగా తిరుగుతుంది. పడవ ముక్కుని గట్టు రాయికి ఆనించి, అదే వేగంలో అలా నిలబెట్టొచ్చు. మొదటిసారి రిమోట్ పట్టుకున్న పిల్లలు తడబడి గుద్దినా ఏమీ కాదు.

ఫ్యూజు మాత్రం తప్పనిసరి. 17 ఆంపియర్లు కూడా ఆగిన మోటారుని కాల్చడానికి చాలు, కాకపోతే కాస్త టైము పడుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ల దగ్గర దొరికే గోధుమరంగు 7.5 ఆంపియర్ల బ్లేడ్ ఫ్యూజుని బ్యాటరీ ప్లస్ వైరులో, కనెక్టరుకి వీలైనంత దగ్గరగా పెట్టాలి. ఇరుక్కుంటే కొన్ని సెకన్లలో పోతుంది. ఈ మూడేళ్లలో నాచుకి నాలుగు ఫ్యూజులు పోయాయి, మోటారూ స్పీడ్ కంట్రోలరూ అవే ఉన్నాయి. పూర్తి వేగంతో ముందుకి పోతున్న పడవని ఒక్కసారిగా రివర్స్‌లోకి లాగినా ఫ్యూజు పోవచ్చు. మధ్యలో ఒక్క క్షణం ఆగడం అలవాటు చేసుకోవాలి.

డబ్బా మీద అంకె లేకపోతే కనిపెట్టే పద్ధతి ఒకటుంది. షాఫ్టుని గట్టిగా పట్టుకుని, కరెంటుని కట్టడి చేసే పవర్ సప్లైతో సరిగ్గా ఒక ఆంపియరు పంపి, మోటారు ట్యాగుల (వైర్లు తగిలించే రేకుల) మధ్య వోల్టేజీ చూడాలి. 27 చుట్లదైతే వంద మిల్లీవోల్టుల దరిదాపుల్లో, 55 చుట్లదైతే నాలుగు వందల దరిదాపుల్లో వస్తుంది. బ్రష్‌ల వల్ల అటూ ఇటూ అవుతుంది కాబట్టి షాఫ్టుని కాస్త కాస్త తిప్పి నాలుగైదు చోట్ల చూడాలి. ముందుకీ వెనక్కీ ఖాళీగా తిప్పి ఆంపియర్లు కూడా పోల్చండి. రెండు వైపులా ఒకటే వస్తే టైమింగ్ (బ్రష్‌ల అమరిక) న్యూట్రల్‌గా, ఏ వైపుకీ మొగ్గకుండా ఉన్నట్టు, పడవకి అదే కావాలి. బిగించాక మళ్లీ కొలవాలి: షాఫ్టు, కప్లింగు తగిలించగానే ఖాళీ కరెంటు అర ఆంపియరు కన్నా ఎక్కువ పెరిగితే మోటారు షాఫ్టుతో వరస తప్పిందన్నమాట. మోటారు కింద పల్చటి రేకులు పెట్టి సరిచేసుకోవాలి, లేకపోతే ముందు బుష్ (షాఫ్టు తిరిగే లోహపు రింగు) కోలగా అరిగిపోతుంది. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో 104 అని రాసి ఉండే సిరామిక్ కెపాసిటర్లు మూడు తెచ్చుకుని, ఒకటి రెండు ట్యాగుల మధ్య, మిగతా రెండూ ఒక్కో ట్యాగు నుంచి డబ్బాకి సోల్డర్ చేయండి. చుక్కానిని తిప్పే చిన్న మోటారు (సర్వో) ఊరికే వణకడం ఆగుతుంది.

మొదట్లో ఈ 55 చుట్లదానికి ఏ సంరక్షణా అక్కర్లేదని నలుగురికీ చెప్పాను. అది పూర్తిగా నిజం కాదు. అయిదారు గంటలు నడిచాక బుష్‌లకి కుట్టు మిషన్ నూనె ఒక్కో చుక్క పడాలి. రెండు చుక్కలు పడితే కమ్యూటేటరు మీదికి పాకి, బ్రష్ పొడితో కలిసి నల్లటి ముద్దవుతుంది, మోటారు డీలా పడుతుంది. అప్పుడు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనివ్వాలి. ఈ ధరలో వచ్చే మూసేసిన డబ్బా మోటార్లకి బ్రష్‌లు మార్చడం కుదరదు, అరిగాక మోటారే మార్చాలి. సన్న వేగంలో కీచుమనే శబ్దం కూడా ఉంది, గాలి లేని సాయంత్రం గట్టు దాకా వినిపిస్తుంది. ఎదురుగాలి గట్టిగా ఉన్నరోజు, ముఖ్యంగా ఎత్తైన క్యాబిన్ ఉన్న పడవతో, బలం చాలదు. 45 మి.మీ. ప్రొపెల్లరు వేస్తే సాయం అవుతుంది, కరెంటు 6 దాటుతుంది, 7.5 ఫ్యూజు మరీ దగ్గరగా పడుతుంది.

ఇదంతా మూడు కిలోల టగ్ బోటులో, నాచున్న చెరువులో, వారానికి ఒక గంట వాడకం మీద వచ్చిన అభిప్రాయం. మీది నీటి మీద ఎగిరిపోయే చదునైన స్పీడు బోటైతే 55 చుట్లది దాన్ని పైకి లేపలేదు, బ్రష్‌లెస్సే కొనండి. 40 సెంటీమీటర్ల లోపు పడవకి 540 డబ్బా బరువే ఎక్కువ. మీ దగ్గర నీళ్లు తేటగా ఉండి, 27 చుట్లది ఇప్పటికే ఇంట్లో ఉంటే, ఎమర్జెన్సీ లైటులో వాడే 6 వోల్టుల 4.5 ఏహెచ్ బ్యాటరీ పెట్టి, 30 మి.మీ. ప్రొపెల్లరుతో, 15 ఆంపియర్ల ఫ్యూజుతో మొదలుపెట్టొచ్చు. ముప్పావు కిలో ఉండే ఆ బ్యాటరీ పడవ అడుగున వేసే బరువుకి కూడా పనికొస్తుంది. 80 చుట్లది ఇంకా నెమ్మది, ఇంకా తక్కువ కరెంటు. నా టగ్ బోటుకి ఎదురుగాలిలో అది చాల్లేదు. నాలుగు కిలోలు దాటిన పడవలో 50 మి.మీ. ప్రొపెల్లరుతో బాగుండొచ్చు.