కోహా పాఠాలు: పర్లాకిమిడిలో కొన్నేళ్ల వాడకం తర్వాత

ఐఐటీ బొంబాయి వారి ఉచిత వీడియో పాఠాల పథకం స్పోకెన్ ట్యుటోరియల్‌లో ఉన్న కోహా పాఠాలను కొన్నేళ్లుగా వాడుతున్నాను. కోహా అంటే గ్రంథాలయంలోని పుస్తకాలను కంప్యూటరులో నమోదు చేసి, పాఠకులు వెతుక్కునేలా చేసే సాఫ్ట్‌వేర్. నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక చిన్న గ్రంథాలయంలో సహాయకుణ్ని. మా బీరువాల్లో తెలుగు, ఒడియా, ఇంగ్లీషు పుస్తకాలు మూడూ ఉంటాయి, వచ్చే పాఠకులూ మూడు భాషల వాళ్లే. ఉద్యోగంలో చేరాక మళ్లీ చదువుకునే అవకాశం మాలాంటి వాళ్లకు బహు తక్కువ. శిక్షణ అంటే చాలాసార్లు భువనేశ్వర్ దాకా వెళ్లాలి. నేను హాజరైన ఒక తరగతిలో రోజంతా తెరమీద చూపించారే గాని, ఒక్క పుస్తకాన్ని కూడా మా చేత నమోదు చేయించలేదు. దానికన్నా ఈ పాఠాలు ఎంతో మేలని గట్టిగా చెప్పగలను.

మేలంతా నేర్పే పద్ధతిలో ఉంది. ఒక్కో పాఠం సుమారు పది నిమిషాలు. తెరకు ఒక పక్క వీడియో, మరో పక్క కోహా తెరిచి పెట్టుకుని, వాళ్లు చేసిందల్లా వెంటనే మనమూ చేయాలి. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేని రోజున కూడా పని ఆగదు. మధ్యాహ్నం పాఠకులు పలచబడ్డాక ఒక పాఠం చూసి, సాయంత్రంలోగా దాన్ని మా పుస్తకాల మీదే అమలు చేసేవాళ్లం. కోహా కూడా ఉచితమే. న్యూజీలాండ్ గ్రంథాలయాల కోసం 1999లో మొదలైన సాఫ్ట్‌వేర్ అది. దాన్ని లినక్స్‌లో ఎక్కించే పాఠాల దగ్గర మాత్రం ఆ పని తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకోండి.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది జెడ్ 39.50 పాఠం. గ్రంథాలయాల కంప్యూటర్లు ఒకదాన్నుంచి ఒకటి వివరాలు తెచ్చుకునే పద్ధతి అది. వేరే గ్రంథాలయం ఇప్పటికే తయారు చేసిన రికార్డును, అంటే పేరు, రచయిత వంటి పుస్తక వివరాల నమోదును, అక్కడి నుంచి తెచ్చుకోవడం ఎలాగో ఆ పాఠం నేర్పుతుంది. ఇంగ్లీషు పుస్తకమైతే దాని మీద ముద్రించిన గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కొడితే చాలు. తెలుగు పుస్తకాల దగ్గరే అసలు శ్రమంతా. పాతవాటికి ఐఎస్‌బీఎన్ ఉండదు. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నుంచి దొరికిన రికార్డుల్లో తెలుగు పేర్లు రోమన్ అక్షరాల్లో, పైనా కిందా గుర్తులతో ఉన్నాయి. తెలుగులో టైపు చేసి వెతికే పాఠకుడికి అవి కనిపించవు. అందుకని మేము, పుస్తక వివరాలను అంకెలున్న గళ్లలో (ఫీల్డుల్లో) రాసే మార్క్ 21 పద్ధతిలో, 245వ ఫీల్డులో పేరును తెలుగు లిపిలో రాసి, రోమన్ రూపాన్ని 246లో పెడుతున్నాం. ఇప్పుడు ఎలా వెతికినా పుస్తకం దొరుకుతోంది.

ఇంకొక చిక్కు రచయితల పేర్లది. గిడుగు రామమూర్తి మా ఊళ్లో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో పుస్తకాలు రాశారు. అలాంటివారి పేరే ఒక పుస్తకం మీద పంతులుతో, ఒకదాని మీద పంతులు లేకుండా, మరోచోట ఇంగ్లీషు పొడి అక్షరాలతో ఉంటుంది. ఇందుకు అథారిటీ రికార్డు, అంటే ఒకే రచయిత పేరు రూపాలన్నిటినీ ఒకచోట చేర్చే రికార్డు, కట్టాలి. స్థిరపరచిన రూపం 100వ ఫీల్డులో, మిగతా రూపాలన్నీ 400లో వేసి, పుస్తకాల రికార్డులను దానికి కలపాలి. ఆ తర్వాత ఏ రూపంతో వెతికినా పుస్తకం దొరికేలా, కోహా సెట్టింగులైన సిస్టమ్ ప్రిఫరెన్సుల్లో ‘ఇంక్లూడ్‌సీఫ్రమ్‌ఇన్‌సెర్చెస్’ ఆన్ చేసి, కోహా వెతకడానికి వాడే సూచికను (ఇండెక్స్) మళ్లీ తయారు చేయించాలి. ఇదంతా కోహా మాన్యువల్ చదువుకుని సాధించాం. వీడియోలతో పని మొదలవుతుంది, లోతుకు వెళ్లాలంటే మాన్యువల్ చదవక తప్పదు.

కోహా కొత్త వెర్షన్ ఏటా మేలో ఒకటి, నవంబరులో ఒకటి వస్తుంది. అందువల్ల రికార్డు చేసిన ఏ పాఠమైనా కొంతకాలానికి మన తెరతో సరిపోలదు. బటన్లు చోటు మారతాయి, పని మాత్రం అదే. కంగారు పడనక్కర్లేదు.

అధికారులకు ఒక మాట. అంతర్జాతీయ గ్రంథాలయ సంఘాల సమాఖ్య ఇఫ్లా తన మార్గదర్శకాల్లో, సిబ్బంది చదువుకు పని వేళల్లో సుమారు 10 శాతం ఇవ్వాలనీ, సంస్థ బడ్జెట్‌లో కనీసం 0.5 నుంచి 1 శాతం కేటాయించాలనీ చెబుతోంది. డబ్బు సంగతి అలా ఉంచినా, సమయమైనా ఇవ్వండి. పాఠాలు ఉచితమే కదా అని వాటిని ఇంటికి మోసుకెళ్లి రాత్రిళ్లు నేర్చుకోమనడం అన్యాయం. ఇది ఉద్యోగంలో భాగం, జీతంలో భాగం. మాకు మధ్యాహ్నం గంట దొరకబట్టే ఇంతదూరం వచ్చాం.

ఒక్కరే నేర్చుకుంటే, వారికి బదిలీ అయిన రోజున పని మళ్లీ మొదటికి వస్తుంది. కనీసం ఇద్దరు కలిసి మొదలుపెట్టండి. మా దగ్గర ఒడియా సహోద్యోగి ఒడియా పుస్తకాలు చూస్తారు, నేను తెలుగువి చూస్తాను. పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో ఒడియా సాహిత్యం 891.456 కింద, తెలుగు సాహిత్యం 894.827 కింద వస్తాయి కాబట్టి ఎవరి బీరువాలు వారివి. వారానికొకసారి ఒకరి రికార్డులు ఒకరం సరిచూసుకుంటాం. కొత్తగా మొదలుపెట్టేవారు పుస్తకాల నమోదు (కేటలాగింగ్) పాఠం తెరిచి, ఐఎస్‌బీఎన్ లేని ఒక తెలుగు పుస్తకాన్ని పక్కన పెట్టుకుని కూర్చోండి.