యిడ్డిష్ నాటక కుటుంబాల వంశచరిత్రకు జ్యూయిష్‌జెన్: ఎక్కడ అక్కరకొస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

యూదు కుటుంబాల పాత రికార్డులు వెతికేవాళ్లు ముందుగా వెళ్లే చోటు జ్యూయిష్‌జెన్. 1987లో కంప్యూటర్ బులెటిన్ బోర్డుగా మొదలైన ఈ సేవ 2003 నుంచి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ జ్యూయిష్ హెరిటేజ్‌కు అనుబంధంగా నడుస్తోంది. ఖాతా తెరవడానికి, వెతకడానికి పైసా కట్టనక్కర్లేదు. ఈ రివ్యూ మాత్రం ఒక్క అవసరం దృష్ట్యా రాసింది: యిడ్డిష్ (తూర్పు యూరప్ యూదుల భాష) రంగస్థలం నుంచి వచ్చిన నటుడి వంశాన్ని వెనక్కి పట్టుకెళ్లాలంటే ఇది ఎంతవరకు తోడొస్తుంది? అసలు ఇంటిపేరు, పుట్టిన ఊరు తెలిసి ఉంటే దీనికి సాటి లేదు. రంగస్థల పేరు ఒక్కటే తెలిస్తే దాదాపు ఏమీ దొరకదు.

పాల్ ముని సంగతే తీసుకోండి. 1936 నాటి లూయీ పాశ్చర్ పాత్రకు ఆస్కార్ అందుకున్న నటుడు. ‘ముని’ అని కొడితే ఈ కుటుంబం రాదు. ఆయన 1895 సెప్టెంబర్ 22న లెంబర్గ్‌లో (ఇప్పటి ల్వివ్) పుట్టారు. ఇంటిపేరు వైజెన్‌ఫ్రాయిండ్. యూదు పేరు మెషిలెమ్ మెయిర్, చిన్నప్పుడు ఫ్రెడరిక్ అని కూడా పిలిచారు, ‘మూనీ’ అన్నది ముద్దుపేరు. తల్లి సల్లీ, తండ్రి ఫిలిప్ ఇద్దరూ నటులే. 1902లో అమెరికా చేరి షికాగోలో స్థిరపడ్డారు. పన్నెండేళ్ల వయసులో అక్కడి యిడ్డిష్ నాటకంలో ఎనభై ఏళ్ల ముసలాయన వేషం వేశారు. ఇంగ్లీషులో తొలి బ్రాడ్‌వే నాటకం 1926లో. ఒకే మనిషికి ఇన్ని పేర్లు ఉండటం ఈ కుటుంబాల్లో మామూలే. అందుకే వ్యక్తి పేరును నమ్ముకుని వెతకకూడదు. ఇంటిపేరు, ఊరు పట్టుకుని వెతికి, వచ్చినవాటిని తల్లిదండ్రుల పేర్లతో వడపోయాలి.

ఆ రెండు వివరాలూ తెలియనప్పుడు జ్యూయిష్‌జెన్ తెరవకముందే చూడాల్సింది జాల్మెన్ జిల్బర్‌ట్స్‌వైగ్ కూర్చిన యిడ్డిష్ రంగస్థల లెక్సికన్. 1931 నుంచి 1969 వరకు ఆరు సంపుటాలుగా వచ్చింది. ఒక్కో నటుడి పుట్టిన ఊరు, తండ్రి వృత్తి, ఏ బృందంతో ఎక్కడెక్కడ తిరిగాడు, ఎవరిని పెళ్లాడాడు అన్నవి అందులో ఉంటాయి. అయిదో సంపుటి పూర్తిగా నాజీల చేతిలో చనిపోయిన రంగస్థల కళాకారులది. మూలం యిడ్డిష్‌లోనే ఉంది, కానీ చాలా పరిచయాల ఇంగ్లీషు అనువాదాలు మ్యూజియం ఆఫ్ ఫ్యామిలీ హిస్టరీ అనే సైట్లో ఉచితంగా దొరుకుతాయి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఇందులోని పుట్టిన తేదీలు చాలావరకు నటులో బంధువులో చెప్పినవి. ఊరిని గట్టిగా నమ్మవచ్చు, సంవత్సరాన్ని మాత్రం రెండు మూడేళ్లు అటూ ఇటూగా చూసుకోవాలి.

ఇంటిపేరు చేతికొచ్చాక జ్యూయిష్‌జెన్ బలం తెలుస్తుంది. ఒకే పేరును ఆస్ట్రియా గుమస్తా జర్మన్ పద్ధతిలో, పోలండ్ గుమస్తా పోలిష్ పద్ధతిలో, అమెరికా గుమస్తా చెవికి వినబడినట్టు రాశారు. ఈ చిక్కు కోసమే 1985లో డేయిచ్-మొకొటాఫ్ సౌండెక్స్ తయారైంది. అది అక్షరాలను కాకుండా ధ్వనులను ఆరంకెల సంఖ్యగా మారుస్తుంది. వైజెన్‌ఫ్రాయిండ్‌నే లెక్కగడితే మొదటి వ్యంజనానికి 7, ‘జ’కు 4, ‘న’కు 6, ‘ఫ’కు 7, ‘ర’కు 9, మళ్లీ ‘న’కు 6. మధ్యలోని అచ్చులకు అంకె ఉండదు. వచ్చేది 746796. పోలిష్ స్పెల్లింగుతో రాసినా, యిడ్డిష్ ఉచ్చారణను ఇంగ్లీషులోకి మార్చి రాసినా ఇదే సంఖ్య. మామూలు అమెరికన్ సౌండెక్స్ మొదటి అక్షరాన్ని ఉన్నదున్నట్టు ఉంచేస్తుంది. ఇంగ్లీషు ‘డబ్ల్యూ’తో మొదలైన పేరును ‘వీ’తో రాస్తే అది రెండింటినీ వేర్వేరు కుటుంబాలుగా చూస్తుంది. డేయిచ్-మొకొటాఫ్ ఆ తప్పు చేయదు.

సెర్చ్ పెట్టెలో దీనితోపాటు బైడర్-మోర్స్ పద్ధతి కూడా ఉంది. అది పేరు ఏ భాషదో అంచనా కట్టి పోలుస్తుంది కాబట్టి సంబంధం లేని ఫలితాలు తగ్గుతాయి. మొదట బైడర్-మోర్స్‌తో వెతికి, ఏమీ రాకపోతే సౌండెక్స్‌కు వెళ్లడం మంచి వరస. ఫింకెల్, అడ్లర్ లాంటి పొట్టి, సాధారణమైన పేర్లకు సౌండెక్స్ వాడితే కుప్పలు తెప్పలుగా వచ్చిపడతాయి. అక్కడ ఊరి పేరు జోడించక తప్పదు.

ఊరి విషయంలో ఈ సైటు పనితనం నిజంగా మెచ్చుకోదగ్గది. కమ్యూనిటీస్ డేటాబేస్‌లో దాదాపు ఆరు వేల యూదు ఊళ్ల వివరాలున్నాయి. లెంబర్గ్ అని కొడితే 1900 ప్రాంతంలో ఆస్ట్రియా పాలనలోని గలీషియా, రెండు యుద్ధాల మధ్య పోలండ్‌లో ల్వూఫ్, ఆ తర్వాత సోవియట్‌లో ల్వోఫ్, ఇప్పుడు యుక్రెయిన్‌లో ల్వివ్ అని అన్ని దశలూ ఒకే పేజీలో కనబడతాయి. ఏ కాలపు రికార్డు ఏ భాషలో, ఏ దేశం ఆర్కైవ్‌లో ఉంటుందో దీన్నిబట్టే తెలుస్తుంది. చుట్టుపక్కల ఊళ్లు కూడా చూడాలి. నటులు ‘లెంబర్గ్’ అని చెప్పుకున్నా, పుట్టింది పక్కనున్న చిన్న పట్నంలో కావచ్చు.

గలీషియా కుటుంబాల దగ్గర చాలామంది బోల్తా పడేది పుట్టుక రిజిస్టర్లో. అక్కడి యూదు దంపతుల్లో చాలామంది మతపరంగా పెళ్లి చేసుకునేవారే గానీ ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకునేవారు కాదు. అలాంటి పెళ్లిని ప్రభుత్వం గుర్తించదు కాబట్టి పిల్లల్ని తల్లి పుట్టింటి పేరుతో రాసేవారు. తండ్రి ఇంటిపేరుతో ఎంత వెతికినా ఆ బిడ్డ దొరకడు. తల్లి పుట్టింటి పేరు తెలుసుకుని దానితోనూ వెతకాలి. ఒకే వరుసలో రెండు ఇంటిపేర్లు, మధ్యలో ‘రెక్టే’ (సరైన పేరు) లేదా ‘వెల్’ (లేదా) అని కనబడితే ఇదే వ్యవహారం అనుకోవచ్చు. గలీషియాకు సంబంధించి జ్యూయిష్‌జెన్ ఒక్కటే చాలదు. గెషెర్ గలీషియా సంస్థ డేటాబేస్, పోలండ్ యూదు రికార్డుల జెఆర్‌ఐ-పోలండ్ సూచిక రెండూ విడిగా వెతకాల్సిందే. ల్వివ్ యూదు రిజిస్టర్లు కొన్ని వార్సాలోని ఆగాడ్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. చాలా పుస్తకాల స్కాన్లు ఉచితంగా చూడవచ్చు. సూచికలో కనబడిన ప్రతి వరుసకూ అసలు పేజీ తెరిచి చూడటం తప్పనిసరి, ఎందుకంటే పక్క గడిలో తర్వాతి కాలంలో రాసిన పెళ్లి వివరాలో, పేరు దిద్దుబాటో సూచికలోకి ఎక్కకపోవచ్చు.

సైటులోని ఫ్యామిలీ ట్రీల విషయంలో మాత్రం మార్కులు తగ్గించాల్సిందే. అవి సభ్యులు పంపినవి, ఎవరూ సరిచూడనివి. నటుల కుటుంబాల్లో ఇది మరీ ప్రమాదం. 1855లో ఒడెసాలో పుట్టిన యిడ్డిష్ నటుడు జేకబ్ అడ్లర్ పిల్లల్లో అబ్రమ్ తల్లి సోఫియా, ఛార్లెస్ తల్లి జెనీ కైజర్, సీలియా తల్లి దీనా. స్టెల్లా, లూథర్ తదితరుల తల్లి శారా. వీళ్లందరినీ ఒకే తల్లి కింద వేసేస్తే ఆ పై తరాలన్నీ తప్పే. బెల్లా ఫింకెల్ విషయంలో ఇంకో రకం అవసరం. ఈమె 1921లో పాల్ మునిని పెళ్లాడారు. ఈమె తల్లి ఎమ్మా, యిడ్డిష్ నటుడు బోరిస్ తొమాషెఫ్‌స్కీ చెల్లెలు. తల్లి పుట్టింటి పేరు రాసుకోకపోతే ముని కుటుంబానికీ తొమాషెఫ్‌స్కీలకూ ఉన్న చుట్టరికం మీ వంశవృక్షంలో కనబడదు.

అమెరికా వైపు రికార్డులు ఈ సైటుకు బలమైన భాగం కాదు. ఓడ ప్రయాణికుల పట్టికలకు స్టీఫెన్ మోర్స్ వన్-స్టెప్ వెబ్ సెర్చ్ పేజీలు మేలు. పేర్లు న్యూయార్క్ రేవులోని వలస తనిఖీ కేంద్రం ఎల్లిస్ ఐలాండ్‌లో మార్చారన్న మాట నమ్మి ఆ పట్టికల్లో కొత్త పేరుతో వెతక్కండి. పట్టిక రాసింది బయల్దేరిన రేవులో ఓడ కంపెనీవాళ్లు, అందులో ఉండేది పాత పేరే. 1902 నాటి పట్టికలో చివరిగా నివసించిన చోటే ఉంటుంది. పుట్టిన ఊరి గడి 1906-07లో చేర్చారు. పర్యటనలో ఉన్న బృందానికి ‘చివరి నివాసం’ లండన్ కావచ్చు, దాన్ని సొంత ఊరు అనుకోకూడదు. పౌరసత్వ కాగితాల దగ్గరా ఇలాంటి గీతే ఒకటుంది. 1906 సెప్టెంబర్ 27కు ముందువాటిలో దేశం పేరు తప్ప పెద్దగా వివరం ఉండదు. తండ్రికి పౌరసత్వం వస్తే మైనరు పిల్లలకూ వచ్చేసేది, కాబట్టి కొడుకు పేరుతో విడిగా ఫైలు ఉండకపోవచ్చు. ఓడ పట్టికలో పేరు పక్కన తర్వాత చేతితో రాసిన అంకెలు కనబడితే వదలొద్దు. పౌరసత్వం కోసం రాక వివరాలు సరిచూసిన గుర్తులవి. వాటిని చదివే పద్ధతి మీద జ్యూయిష్‌జెన్‌లో ఒక చక్కని గైడ్ ఉంది.

సమాధుల డేటాబేస్ బాగుంది గానీ అన్ని శ్మశానాలూ లేవు. న్యూయార్క్ యిడ్డిష్ నటులకైతే క్వీన్స్‌లోని మౌంట్ హెబ్రన్ శ్మశానం సొంత సైటులో కూడా వెతకాలి. యిడ్డిష్ థియేట్రికల్ అలయన్స్ స్థలం అక్కడే ఉంది, తొమాషెఫ్‌స్కీ, మాలీ పీకన్ సమాధులు అక్కడివే. రాతి ఫోటో సంపాదించడం తప్పనిసరి, ఎందుకంటే తండ్రి పేరు హీబ్రూ వాక్యంలోనే ఉంటుంది. హీబ్రూ సంవత్సరం అయిదు వేలు తీసేసి అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మొత్తానికి 1240 కలపాలి. 687 అయితే 1927. హీబ్రూ నెలల్లో తిష్రీ, హెశ్వాన్, కిస్లేవ్ అయితే ఒకటి తగ్గించి 1926 అనుకోవాలి, తేవేత్ అయితే రెండింటిలో ఏదైనా కావచ్చు. చదవడం రాకపోతే సైటులోని వ్యూమేట్‌లో ఫోటో పెట్టండి, వాలంటీర్లు ఉచితంగా చదివిపెడతారు. రాయి మొత్తం ఒక ఫోటో, అక్షరాలు దగ్గరగా ఇంకో ఫోటో పెట్టి, తండ్రి పేరు కావాలా, తేదీ కావాలా స్పష్టంగా అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

ఏడాదికి 100 డాలర్ల విరాళం ఇస్తే కొన్ని అదనపు సెర్చ్ సదుపాయాలు తెరుస్తారు. అరుదైన ఇంటిపేరైతే ఆ అవసరం రాదు, ఉచిత సెర్చ్ చాలు. అడ్లర్, ఫింకెల్, గోల్డ్‌బర్గ్ లాంటి పేరుతో పెద్ద నగరంలో వెతుకుతుంటే మాత్రం ఆ డబ్బుకు తగ్గ ఫలం ఉంటుంది. కట్టేముందు ఫ్యామిలీ ఫైండర్‌లో మీ ఇంటిపేరు, ఊరు జత నమోదు చేయండి. అదే జత నమోదు చేసిన వేరే సభ్యులుంటే వాళ్లకు అక్కణ్నుంచే సందేశం పంపవచ్చు. మీకు కావలసిన రిజిస్టర్ పేజీ వాళ్ల దగ్గర ఇప్పటికే ఉండొచ్చు.