గజ్జల్లో హెర్నియా: కోత మేలా, కెమెరా మేలా? మళ్లీ వస్తే ఎటునుంచి?

హెర్నియా అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి పేగో కొవ్వో బయటికి జారడం. గజ్జల్లో వస్తే, కర్నూల్లో అయినా కడపలో అయినా ఎక్కువ మంది ఎంచుకోవాల్సింది రెండు ఆపరేషన్లలో ఒకటి. కోసి చేసే లిక్టెన్‌స్టీన్ పద్ధతిలో గజ్జపైన ఒక్క కోత పెట్టి, సుమారు 7×15 సెంటీమీటర్ల మెష్‌ను, అంటే వలలాంటి గుడ్డను, కండరం ముందువైపు కుడతారు. ఆ చోటొక్కటే మొద్దుబార్చి చేయొచ్చు కాబట్టి గుండె, ఊపిరితిత్తుల జబ్బున్న పెద్దవాళ్లకు ఇదే నయం. ప్రోస్టేట్ తీసేసిన వాళ్లకూ ఇదే, లోపల అంతా అతుక్కుపోయి ఉంటుంది మరి.

కెమెరా పద్ధతిలో (లాపరోస్కోపీ) మూడు చిన్న రంధ్రాలు. మెష్ కనీసం 10×15 ఉండాలి, కండరం వెనకవైపు పరుస్తారు, పూర్తి మత్తు కావాలి. నొప్పి తక్కువ, బండల ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి త్వరగా పనిలో పడతాడు. రెండు గజ్జల్లోనూ ఉంటే అవే రంధ్రాలు చాలు. ఆడవాళ్లకైతే ఇదే మేలు: తొడ మొదట్లో దాక్కున్న హెర్నియా కోతలో కంటబడకపోవచ్చు. కాకపోతే చేయి తిరిగిన డాక్టరు ఉండాలి. లేకుంటే బాగా చేసే కోతే మంచిది.

మళ్లీ ఎందుకొస్తుంది? కోసినప్పుడు మెష్ లోపలి అంచు జఘనాస్థి (పొత్తికడుపు కింద ముందువైపు ఉండే ఎముక) మీదికి ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు రావాలి. అక్కడ చాలకపోతే ఆ మూలనుంచే హెర్నియా మళ్లీ జారుతుంది. కెమెరాలో అయితే మెష్ చిన్నదైనా, చివర్లో లోపల నింపిన గ్యాస్ వదిలేటప్పుడు కింది అంచు మడతపడినా అంతే.

రెండోసారి మాత్రం లెక్క తేలికే: మొదట కోశారా, ఈసారి కెమెరా, మొదట కెమెరా అయితే ఈసారి కోత. పాత దారిన మళ్లీ వెళ్తే మచ్చకణజాలంలో వృషణానికి వెళ్లే రక్తనాళాలు, గజ్జ నరాలు చిక్కుకుని ఉంటాయి. నాళాలు దెబ్బతింటే వృషణం కుంచించుకుపోవచ్చు, నరం దెబ్బతింటే నొప్పి ఏళ్ల తరబడి వదలకపోవచ్చు. రెండు దారులూ అయిపోయినవాళ్లు హెర్నియాలే ఎక్కువగా చేసే సర్జన్ దగ్గరికే పోవాలి. అందుకే డిశ్చార్జి కాగితంలో "హెర్నియా ఆపరేషన్" అని రాసి వదిలేస్తే చాలదు. మెష్ ముందు వేశారా వెనక వేశారా, సైజెంత, ఎలా బిగించారు అని రాయించుకోండి.

ఆపరేషనైన కొన్ని రోజులకే గజ్జలో గడ్డలా తేలితే అది నీరు చేరడం కావొచ్చు. దగ్గితే పెద్దదవదు, పడుకుంటే లోపలికి పోదు. అనుమానముంటే అల్ట్రాసౌండ్ తీస్తారు. చాలావరకు కొన్ని వారాల్లో దానంతటదే ఇంకిపోతుంది. తొందరపడి సూదితో తీయించుకోవద్దు, మెష్‌కు చీము పట్టే ప్రమాదముంది.