టమాటా క్రేట్లతో మూడు ఇళ్లు మారాం: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఇల్లు మారేటప్పుడు సామాన్లు సర్దడానికి అట్టపెట్టెల కన్నా టమాటా క్రేట్లు, అంటే టమాటా లోడు పంపే చిల్లుల ప్లాస్టిక్ పెట్టెలు, ఎంతో మేలు. 2017లో చిత్తూరు నుంచి తిరుపతికి, 2022లో తిరుపతిలోనే ఇంకో ఇంటికి, 2025లో కరకంబాడి రోడ్డు వైపు ఇప్పుడున్న ఇంటికి వచ్చాం. మూడుసార్లూ అవే క్రేట్లు. 20తో మొదలుపెట్టాను, ఇప్పుడు 17 ఉన్నాయి.

అంతకుముందు 2015లో చిత్తూరులోనే కొంగారెడ్డిపల్లి నుంచి మిట్టూరుకు మారినప్పుడు ప్యాకర్స్‌ను మాట్లాడుకున్నాం. వాళ్లు అట్టపెట్టెలు తెచ్చి, అడుగున ఒకే వరుస టేపు వేసి, బోకులన్నీ నింపేశారు. కడిగి తడి ఆరని వరండాలో రాత్రంతా ఉంచారు. అట్ట చెమ్మ పీల్చుకుంది. పొద్దున మెట్లు దిగుతుంటే అడుగు విడిపోయి మా అవ్వ రాచ్చిప్ప మూడు ముక్కలైంది. ఆమె కాపురానికి వచ్చినప్పటి నుంచి పులుసు కాగిన చిప్ప అది. అమ్మ మెట్ల మీద కూర్చుని ఆ ముక్కలు కొంగులో ఏరుకుంటుంటే నాకు నోట మాట రాలేదు.

పలమనేరు దగ్గర మా చిన్నాయన టమాటా పెడతాడు. తిరుపతికి మారుతున్నామని చెబితే ఆయన ఒకటే మాట అన్నాడు: "ఏమ్మా, నా పండు నలక్కుండా చెన్నై దాకా పోతాది, నీ గ్లాసులు తిరుపతి దాకా పోవా? క్రేట్లు ఎత్తకపో." పాతవి 20 ఇచ్చాడు. ఒక్కోటి సుమారు అడుగున్నర పైన పొడవు, అడుగుకు కాస్త ఎక్కువ వెడల్పు, అడుగు లోపు ఎత్తు. 25 కిలోల టమాటా పట్టేది. వాటిని ఉతికే సోడా కలిపిన వేడినీళ్లతో తోమి, ఒకరోజు ఎండలో ఆరబెట్టాను. మూలల్లో ఎండిన టమాటా తొక్క ఒక పట్టాన వదలదు, పాత టూత్ బ్రష్ కావాలి. ఈ పని వదిలేస్తే బట్టలకు పులిసిన వాసన పట్టేస్తుంది.

క్రేటులో నాకు బాగా నచ్చింది అడుగు. తడిసినా మెత్తబడదు. రెండు పక్కలా చేతిపట్టు ఉంటుంది కాబట్టి మెట్ల మీద మోసేవాళ్లకు పట్టు దొరుకుతుంది. పైది కిందిదాని అంచులో కూర్చుంటుంది. టాటా ఏస్‌లో నాలుగేసి వరుసగా పేర్చి తాడు బిగిస్తే పూతలపట్టు, చంద్రగిరి మీదుగా తిరుపతి చేరేవరకు ఒక్కటి కూడా జరగలేదు. మూత లేకపోవడం లోపమే. కానీ పాత దుప్పటి కప్పి, చిల్లుల్లోంచి పురికొస దూర్చి కట్టేస్తే మూత అవసరం తీరిపోతుంది. ఈ గరుకు ప్లాస్టిక్ మీద టేపు నిలవదు. అందుకే అట్టముక్క మీద "వంటిల్లు 3" అని రాసి చిల్లుకు కట్టేస్తాను.

గాజు గ్లాసులు సర్దే తీరు ఒక్కటి చెబుతాను. ముందు అడుగున పాత పంచె నాలుగు మడతలు వేసి పరుస్తాను. ఒక్కో గ్లాసు లోపల న్యూస్‌పేపర్ ఉండ దూర్చి, బయట చేతి తువ్వాలు చుట్టి, బోర్లించి నిలబెడతాను. గ్లాసుకూ గ్లాసుకూ మధ్య సాక్సులు. పైన మళ్లీ పంచె. చివరగా క్రేటును రెండు చేతులతో కొంచెం ఊపి చూస్తాను. గలగలమని ఒక్క చప్పుడు వచ్చినా ఎక్కడో సందు ఉన్నట్టే, అక్కడ ఇంకో గుడ్డ దూర్చాలి. మూడు మార్పుల్లో ఒక్క గ్లాసు కూడా పగల్లేదు.

గ్రైండర్ విషయంలో మాత్రం జాగ్రత్త. లోపలి గుండ్లు తీయకుండా ఎత్తితే అవి గిన్నెకు కొట్టుకుంటాయి. గుండ్లకు విడిగా ఒక క్రేటు, దాన్ని అడుగు వరుసలోనే పెట్టాలి. పుస్తకాలైతే సగానికే నింపి, పైన దిండ్లు. నిండా పేరిస్తే 30 కిలోలు దాటుతుంది, మోసేవాళ్ల నడుము పోతుంది. వాళ్లను అలా ఇబ్బంది పెట్టడం తప్పు.

2021 నవంబరు వానలప్పుడు మేం కింది ఇంట్లో ఉన్నాం. అర్ధరాత్రి గడప దాటి నీళ్లు లోపలికి వచ్చేశాయి. ఒకటే టెన్షన్. ఖాళీ క్రేట్లు బోర్లించి బియ్యం మూట, మిక్సీ, పిల్లల పుస్తకాలు వాటి మీదకెక్కించాం. ఫ్రిజ్‌ను నలుగురం ఎత్తి నాలుగు క్రేట్ల మీద నిలబెట్టాం, బరువుకు అవి కుంగలేదు. మంచం కింద అట్టపెట్టెల్లో దాచిన పెళ్లి ఆల్బమ్, పాత ఉత్తరాలు మాత్రం ముద్దయిపోయాయి. ఆ తర్వాతే పై అంతస్తు ఇల్లు వెతుక్కుని మారాం.

లోపాలూ చెప్పాలి. ఇవి ఒకదాంట్లో ఒకటి దూరవు, ఖాళీగా ఉన్నా అంతే చోటు తింటాయి. మిద్దె పైన రెండు వేసవులు వదిలేసిన మూడు క్రేట్లు ఎండకు పెళుసెక్కి, పట్టుకోగానే అంచు విరిగింది. నీడలో ఉంచినవి ఇప్పటికీ గట్టిగా ఉన్నాయి. దారిలో దుమ్ము, జల్లు చిల్లుల్లోంచి లోపలికొస్తాయి కాబట్టి పట్టుచీరలు, సర్టిఫికెట్లు వీటిలో పెట్టకండి. వాటిని సూట్‌కేసులో సర్ది మాతోపాటే తెచ్చుకున్నాం. టీవీకి దాని సొంత పెట్టే మంచిది, అది లేకపోతే బబుల్ రాప్ చుట్టి పరుపుల మధ్య నిలువుగా పెట్టాలి.

ఒక క్రేటు మాత్రం ప్రతిసారీ అందరికన్నా ముందు కొత్తింట్లోకి పోతుంది. అందులో స్వామి పటం, దీపపు కుందులు, ఉప్పు, పసుపు, బియ్యం, పాలు పొంగించే ఇత్తడి గిన్నె, అగ్గిపెట్టె ఉంటాయి. దానికి ఎర్ర గుడ్డ కట్టి, నా ఒళ్లోనే పెట్టుకుని వస్తాను. పాలు పొంగాక ఏ మూటా విప్పకుండానే కాఫీ కలపాలి కాబట్టి కాఫీపొడి, చక్కెర, నాలుగు గ్లాసులు కూడా అందులోనే.

కొనాలనుకుంటే రెండు గదుల ఇంటికి 15 సరిపోతాయి. కొత్తవి అక్కర్లేదు, టమాటా, మామిడి వ్యాపారం చేసేవాళ్లను అడిగితే పాతవి దొరుకుతాయి. తీసుకునే ముందు అంచును గట్టిగా వంచి చూడండి, తెల్లటి గీత పడితే వద్దు. మా క్రేట్లలో కొన్నింట్లో ఇప్పుడు ఉల్లిగడ్డలు, చెప్పులు, పిల్లల బొమ్మలు ఉన్నాయి. మిగతా పది పక్కింటి అక్క తీసుకుంది, వచ్చే గురువారం వాళ్లు ఇల్లు మారుతున్నారు. బుధవారం సాయంత్రం పంచెలు, సాక్సులు పట్టుకుని నేనూ వెళ్లాలి.