కారులో పాటకు ఏ దారి మేలు: ఎఫ్‌ఎమ్మా, వైరా, బ్లూటూతా, పెన్‌డ్రైవా?

"ఏమప్పా, పద్యం ఎనకాల పామేమన్నా బుస కొడతాండాదా?" అన్నాడు మా మామ. అనంతపురం నుంచి గార్లదిన్నె దాటి గుత్తి వైపు పోతున్నాం. ఆయన జేబులో ఉండే చిన్న ఎంపీత్రీ ప్లేయర్ నిండా పౌరాణిక నాటకాల పద్యాలే, పాత కేసెట్ల నుంచి ఎక్కించుకున్నవి. దాన్ని సిగరెట్ లైటర్ సాకెట్లో పెట్టే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్‌కు తగిలించి వినిపిస్తున్నాను. పద్యం సాగుతున్నంతసేపూ బాగానే ఉంది. రాగం తీసి తీసి ఆపి, నటుడు ఊపిరి పీల్చుకునే ఆ కాస్త ఖాళీలో మాత్రం 'సుయ్'మని. సినిమా పాటల్లో ఇది పట్టుబడదు, వాటిలో ఖాళీ ఎక్కడుంటుంది గనక! మీ కారు సౌండు సంగతి తేలాలంటే పద్యమో, ఒక్క తంబూర మీద పాడిన తత్వమో పెట్టి చూడండి.

ఆ బుస వదిలించడానికి నాలుగు దారులూ తొక్కాను. కారు సెకండ్ హ్యాండ్‌ది, స్టీరియో కంపెనీ బిగించిందే. దానికి ఆక్స్ రంధ్రం (బయటి ప్లేయర్‌ను వైరుతో కలిపేది), యూఎస్‌బీ రంధ్రం రెండూ ఉన్నాయని నాకు ఎనిమిది నెలల తర్వాత తెలిసింది. పైన రబ్బరు మూత ఉండేది. ఈలోగా అంగట్లో అమ్మినాయన మాట విని ఎఫ్‌ఎం ముక్క కొనేశాను.

ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ అంటే కారులో మనమే పెట్టుకునే బుల్లి రేడియో స్టేషన్. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ లోపు ఖాళీగా ఉన్న చోట వదిలితే స్టీరియో పట్టుకుంటుంది. ఏ కారులోనైనా పనిచేస్తుంది, దాని మంచితనం అంతవరకే. ఎఫ్‌ఎం ప్రసారంలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న ధ్వని ఎలాగూ రాదు. అదైనా సర్దుకోవచ్చు గానీ, ఖాళీ అనేదే ఊరు ఊరికీ మారిపోతుంది. అనంతపురంలో నేను 91 దగ్గర పెట్టుకుంటే పెనుకొండ దాకా ఇబ్బంది లేదు. బాగేపల్లి, చిక్కబళ్లాపురం దాటేసరికి బెంగళూరు స్టేషన్లు మీద పడతాయి. దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ 2001లో మొదలైంది బెంగళూరులోనే, 91 మీద. హరిశ్చంద్రుడు కాటి దగ్గర ఏడుస్తుంటే మధ్యలో కన్నడంలో నగల దుకాణం ప్రకటన! వేరే గతి లేక ఇదే వాడాలంటే రెండు జాగ్రత్తలు. ప్లేయర్ వాల్యూమ్ నిండా పెంచొద్దు, గొంతు బొంగురుపోతుంది. కారు యాంటెన్నా మరతో బిగించేదైతే ఒకసారి విప్పి చూడండి, బయటి స్టేషన్ల జోరు తగ్గి మనది నిలబడొచ్చు.

రబ్బరు మూత తీశాక ఆక్స్ వైరు కొన్నాను, 3.5 మిల్లీమీటర్ల పిన్ను రెండు వైపులా ఉండేది. బుస పోయింది. పోయి, దాని స్థానంలో ఈల వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ఈల పైస్థాయికి, వదిలితే కిందికి. స్పీకర్లు పోయాయనుకొని టవర్ క్లాక్ దగ్గర తెలిసిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. అతను స్పీకర్ల వైపు చూడను కూడా లేదు.

"బండి రేస్ చెయ్యన్నా," అన్నాడు. చేశాను, ఈల. "ఇప్పుడా చార్జర్ పీకు." పీకాను. ఈల లేదు.

ప్లేయర్‌ను అదే కారు సాకెట్లో చార్జింగ్ పెట్టి, అదే కారు స్టీరియోకు వైరు కలిపితే ఎర్త్ రెండు దారుల్లో కలుస్తుంది. ఆ రెండు చోట్లా ఓల్టేజి సరిగ్గా ఒకటే ఉండదు. ఉన్న ఆ కొంచెం తేడాలోంచే, ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద పాటలోకి దూరుతుంది. గ్రౌండ్ లూప్ అంటారు దీన్ని. చార్జింగ్ తీసేస్తే ఖర్చులేని మందు. తీయడం కుదరకపోతే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అగ్గిపెట్టెంత డబ్బా దొరుకుతుంది. లోపల ఎడమకొకటి కుడికొకటి బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, పాట దాటుతుంది, ఎర్త్ దాటదు. మరీ చవకది కొంటే డోలు మోత పలచబడుతుంది. నా మొదటిది అలాంటిదే.

వైరు పెట్టినవాళ్లు ఎక్కువగా తప్పేది వాల్యూమ్ దగ్గర. ప్లేయర్ తక్కువ పెట్టి స్టీరియో పెంచితే బుస కూడా పెరుగుతుంది. ప్లేయర్ పూర్తిగా పెంచితే దాని హెడ్‌ఫోన్ యాంప్‌లోనే ధ్వని చిట్లుతుంది. ముప్పావు పైన కొంచెం ఉంచి, రేడియో నుంచి ఆక్స్‌కు మార్చినప్పుడు శబ్దం ఎగరకుండా దిగకుండా ఉండేలా చూసుకోండి. ప్లేయర్లో ఈక్వలైజర్ తీసేయండి. అక్కడ బేస్ పెంచి, ఇక్కడ స్టీరియోలోనూ బేస్ పెంచితే మిగిలేది గుయ్యిమనే డోరు రేకే.

బ్లూటూత్ గురించి క్లుప్తంగానే చెబుతాను. ఆక్స్‌లో గుచ్చే చిన్న రిసీవర్ పెట్టుకుంటే ఫోన్ నుంచి వైరు లేకుండా పాట వస్తుంది. పాటను కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో వేగం సెకనుకు 328 కిలోబిట్ల దగ్గర ఆగుతుంది, ఒకసారి కుదించిన ఎంపీత్రీని విప్పి మళ్లీ కుదిస్తుంది. పోతున్న కారులో ఆ తేడా నా చెవికి అందలేదు. రంధ్రం లేని ఫోన్లు, ఐఫోన్ 7తో 2016 నుంచి ఐఫోన్లన్నీ అలాంటివే, ఉన్నవాళ్లకు ఇదే సుఖం. మామ ప్లేయర్‌లో మాత్రం బ్లూటూతే లేదు. పైగా ఫోన్ వస్తే కారంతా వింటుంది. మా ఆవిడ ఆయన గురించి ఏమన్నదో ఆయనే విన్నాక ఆ రిసీవర్ ఇంట్లో ఉండిపోయింది.

నా ఓటు పెన్‌డ్రైవ్‌కే. ఇక్కడ దారి మధ్యలో చెడడానికి ఏమీ ఉండదు. ఫైలు అంకెలుగానే స్టీరియోలోకి పోతుంది, ధ్వనిగా మారేది అక్కడే. బుస లేదు, ఈల లేదు, చార్జింగ్ బాధ లేదు. ఎండాకాలం మన ఊళ్లలో డ్యాష్‌బోర్డు మీద లిథియం బ్యాటరీ ప్లేయర్ వదిలి పోవడానికి భయం, పెన్‌డ్రైవ్‌కు ఆ భయం తక్కువ. ఫార్మాట్ మాత్రం ఎఫ్‌ఏటీ32 ఉంచండి, పాత స్టీరియోలు చాలావరకు వేరేది చదవవు. పేర్లు తెలుగులో రాస్తే తెర మీద వరసగా ప్రశ్నార్థకాలు కనబడతాయి, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టుకోవాల్సిందే. మాది పాటలను పేర్ల వరసలో కాక కాపీ చేసిన వరసలో పాడుతుంది. అంకం తిరగబడకుండా ఒక్కొక్కటే ఎక్కించాల్సి వచ్చింది.

స్పీకర్లు మార్చాలా అంటే, ఇదంతా అయ్యాకే. స్టీరియో మీద 50 వాట్లు ఇంటూ 4 అని ఉన్నా, నిలకడగా ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కు 20 వాట్ల చుట్టుపక్కలే. పెద్ద స్పీకర్లు కొని దానికి తగిలిస్తే డబ్బు దండగ. ముందు డోరు తెరిచి రేకుకు లోపల అదురు ఆపే బ్యూటైల్ రబ్బరు షీటు అంటించండి, డోరు జేబులో చిల్లర నాణేలు తీసేయండి. మా కారులో ముందు రెండు డోర్లకే అతికించాను, మృదంగం అప్పుడు మృదంగంలా మోగింది.

మొన్న గుత్తిలో ఉగ్గాని బజ్జీ తిని తిరిగొస్తూ, అద్దాలెత్తి, పెన్‌డ్రైవ్ పెట్టి ఆ పద్యమే వినిపించాను. రాగం ఆగింది. ఖాళీ వచ్చింది. సన్నగా 'సుయ్'. మామ నా వైపు చూశాడు. కారు పక్కకు ఆపి, ఆయన ప్లేయర్‌కే ఇయర్‌ఫోన్ పెట్టి విన్నాను. అక్కడా ఉంది. కొంచెం సేపు ఆలోచించి ఆయనే అన్నాడు: "ఇది కేసెట్లో ఉండే పామేలేప్పా. ముప్పై ఏండ్ల నుంచి ఉండాది. పోనీ."