షబ్బోనా దారిలో: సరస్సు, స్మారకం, సమాధి

అమెరికాలో షికాగో దగ్గరున్న అరోరా బాలాజీ గుడికి వచ్చే తెలుగువారు దర్శనం కాగానే ఎక్కువగా షికాగో వైపు బయలుదేరతారు. ఒక్కసారి పడమరకు వెళ్లి చూడండి. రూట్ 30 మీద గంటలోపే షబ్బోనా వస్తుంది. మొక్కజొన్న పొలాల మధ్య చిన్న ఊరు. ఆ పేరు పొటవాటమీ అనే అమెరికా మూలవాసి తెగ నాయకుడిది. ఆయన కథ తెలుసుకుని వెళ్తేనే ఈ ప్రయాణానికి అర్థం ఉంటుంది.

షబ్బోనా ఒటావా తెగలో పుట్టి, పొటవాటమీల ఇంటి అల్లుడై, వారికే నాయకుడయ్యాడు. 1813లో థేమ్స్ యుద్ధంలో షానీ తెగ నాయకుడు టెకుమ్సే పక్షాన అమెరికన్లపై పోరాడాడు. ఆ ఓటమి తర్వాత తెల్లవారితో యుద్ధం తన జనాన్ని తుడిచిపెడుతుందని నమ్మి, కొత్తగా వచ్చి గుడిసెలు వేసుకుంటున్న వలసదారులకు మంచి పొరుగువాడయ్యాడు. 1832 మే నెలలో సాక్ తెగ నాయకుడు బ్లాక్ హాక్ మనుషులకూ తెల్లవారికీ మధ్య బ్లాక్ హాక్ యుద్ధం మొదలైనప్పుడు కొడుకు పైపెజీ, బంధువు పిప్స్‌తో కలిసి గుర్రాల మీద ఇల్లిల్లూ తిరిగి, పారిపొమ్మని హెచ్చరించాడు. ఇలినాయ్‌లోని ఇప్పటి న్యూవార్క్ గ్రామం దగ్గరి హోలెన్‌బ్యాక్ కుటుంబం ఆ మాట విని బయటపడింది. అప్పటికి ఆయన వయసు యాభై దాటింది.

ముందుగా షబ్బోనా లేక్ పార్కు. ఇలినాయ్ రాష్ట్ర పార్కుల్లో సాధారణంగా ప్రవేశ రుసుము ఉండదు, గుడారం వేసుకోవడానికి మాత్రం స్థలం ముందే బుక్ చేసుకుంటే మంచిది. కరెంటు సౌకర్యం ఉన్న చోటు తీసుకుంటే వంట సులువు. చుట్టుపక్కల శాకాహారం దొరకడం కష్టం కాబట్టి పులిహోర, పెరుగన్నం వెంట ఉండాలి. దాదాపు 318 ఎకరాల సరస్సు, చేపలు పట్టేవారికి పండగ, పిల్లలకు నడక దారులు. విశ్రాంతికి దీనికి మించిన చోటు ఈ దారిలో లేదు. 1829 ఒప్పందం ప్రకారం ఈ పరిసరాల్లోనే షబ్బోనాకు 1,280 ఎకరాలు దక్కాయి. ఆయన తన వారిని చూడటానికి పడమటికి వెళ్లగానే, భూమి వదిలేసి పోయాడన్న నెపంతో 1849లో ప్రభుత్వం దాన్ని వేలం వేసింది. ఎవరి ప్రాణాలు కాపాడాడో ఆ జనం ఎన్నుకున్న ప్రభుత్వమే ఈ పని చేసింది. నాకు ఈ సంగతి తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. 2024లో అందులో 130 ఎకరాలు ఆయన తెగవారి ప్రెయిరీ బ్యాండ్ పొటవాటమీ నేషన్ పేరిట ఫెడరల్ రక్షణలోకి వచ్చాయి. 2025లో ఈ పార్కును కూడా వారికి అప్పగించేందుకు రాష్ట్రం చట్టం చేసింది. ప్రజలకు ప్రవేశం కొనసాగేలా ఏర్పాటు ఉంది.

దక్షిణంగా వెళ్తే, ఒటావా పట్టణానికి సుమారు 14 మైళ్ల ఉత్తరాన షబ్బోనా కౌంటీ పార్కు. సౌకర్యాలు ఆశించకండి, కాసేపు నిలబడి చదవాల్సిన చోటు ఇది. విలియం డేవిస్ అనే వలసదారు ఇండియన్ క్రీక్‌కు అడ్డంగా ఆనకట్ట కట్టాడు. ఎగువనున్న పొటవాటమీ పల్లెకు చేపలు ఆగిపోయాయి. దాన్ని తొలగించబోయిన పొటవాటమీ మనిషిని అతను కొట్టాడు. షబ్బోనా హెచ్చరికను లెక్కచేయకుండా తన వారిని అక్కడే ఉంచాడు. 1832 మే 21న ప్రధానంగా పొటవాటమీలు చేసిన దాడిలో 15 మంది వలసదారులు చనిపోయారు. సిల్వియా, రేచల్ హాల్ అనే అక్కచెల్లెళ్లను బందీలుగా పట్టుకెళ్లి తర్వాత విడిచిపెట్టారు. 1906లో నిలిపిన 16 అడుగుల గ్రానైట్ స్తంభం చనిపోయినవారిని తలుచుకుంటుంది. ఆ ఆనకట్ట వల్ల ఆకలికి గురైనవారిని కూడా మనం తలుచుకోవాలి. పిల్లలకు ఈ రెండో సగం చెప్పకుండా ఇక్కడికి తీసుకురావద్దు.

రాత్రి బసకు నేను ఒటావా దగ్గరి స్టార్వ్‌డ్ రాక్ రాష్ట్ర పార్కులోని లాడ్జినే ఎంచుకుంటాను. 1930లలో కట్టిన దుంగల భవనం, పెద్ద పొయ్యి ఉన్న హాలు, బయటికి రాగానే లోయల వైపు కాలిబాటలు. వారాంతాల్లో ధర ఎక్కువ, జనం మరీ ఎక్కువ. మంగళ, బుధవారాల్లో వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. పెద్దవాళ్లు వెంట ఉంటే గది లాడ్జిలోనే అడగండి, విడి కుటీరాలకు నడక తప్పదు. ఖర్చు తగ్గించుకోవాలని ఒకసారి హైవే పక్క మోటెల్‌లో దిగాము. మేము అడిగిన కింది అంతస్తు గది ఇవ్వకుండా, లిఫ్టు లేని పై అంతస్తుకు మా అత్తగారిని ఎక్కించారు. మిగిలిన డబ్బు ఆ ఇబ్బందికి సరిపోలేదు.

మోరిస్‌లోని ఎవర్‌గ్రీన్ శ్మశానాన్ని చివరకు ఉంచుకోండి. భూమి పోయిన ముసలి షబ్బోనాకు స్థానిక మిత్రులు చందాలు వేసుకుని 1857లో 20 ఎకరాలు కొని ఇల్లు కట్టించారు. 1859లో ఆయన ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. 1832లో హెచ్చరించినందుకు ప్రతీకారంగానే పైపెజీ, పిప్స్ తర్వాత పడమట హతులయ్యారని పాత చరిత్రలు రాశాయి. ఈ శ్మశానంలోని ఆయన సమాధి మీద 1903 వరకు రాయి లేదు. ఇప్పుడున్నది పేరు, సంవత్సరాలు చెక్కిన మొరటు బండ. 1864లో వాగులో మునిగి చనిపోయిన భార్య పోకనోకాను కూడా ఇక్కడే ఖననం చేశారు. ఆ ఇరవై ఎకరాల స్నేహం నిజమైనది, నాకు అనుమానం లేదు. కానీ దాన్ని 1,280 ఎకరాల పక్కన పెట్టి చూడాలి. మోరిస్ నుంచి రూట్ 47 మీద అరోరా ముప్పావు గంట. గుడి మూసేలోగా చేరేలా బయలుదేరండి.